బీరపూలకు షోకాజు నోటీసు

మా ఊరి మున్సిపాలిటీకి ఏడాదికోసారి ఏదో ఒకటి పట్టుకుంటుంది, మనుషులకి జలుబు పట్టుకున్నట్టు. నిరుడు నవ్వుల సంఘం పట్టుకుంది. పొద్దున్నే పార్కుకొచ్చి నవ్వనివాళ్ళకి కొత్త కుళాయి ఇచ్చేది లేదన్నారు. అంతకు ముందు గోడలకి రంగులు పట్టుకున్నాయి. శ్మశానం గోడ మీద కూడా 'దయచేసి మళ్ళీ రండి' అని రాయించేదాకా ఆ జబ్బు తగ్గలేదు. ఈ ఏడు తేనెటీగలు పట్టుకున్నాయి.

ఎలాగంటే, మా కమిషనరు గారు ఏదో చల్లటి కొండ ఊరికి శిక్షణకి వెళ్ళారు. అక్కడొక పెద్దమనిషి, తేనెటీగలు లేకపోతే పువ్వు కాయ అవ్వదు, కాయ లేకపోతే మనిషి బతకడు అని చెప్పాడట. ఆ మాట మా వీధిలో గేదెలకి కూడా తెలుసు. కానీ కమిషనరు గారికి అప్పుడే తెలిసింది కాబట్టి ఊరందరికీ అప్పుడే తెలిసినట్టు లెక్క. ఆయన కొండ దిగీ దిగగానే పథకం పుట్టింది. దాని పేరు 'ఇంటింటా పరాగ సంపర్కం'.

మర్నాడు మైకు కట్టిన ఆటో వీధుల్లో తిరిగింది. "ప్రతి గృహమునందు విధిగా పరాగ సంపర్కము జరగవలెను. అధికారులు ఇండ్లకు విచ్చేసి స్వయముగా పర్యవేక్షించెదరు" అని అరుచుకుంటూ పోయింది. మా వీధి ఆడవాళ్ళందరం తలుపులేసుకున్నాం. సంపర్కమంటే ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి చేరడమేననీ, మనం చేయాల్సిందేమీ లేదనీ, ఈగలూ సీతాకోకచిలుకలూ చూసుకుంటాయనీ తెలిశాక మళ్ళీ తీశాం.

నా పేరు సత్యవేణి. గోదారి కాలవగట్టు మీద మాదొక రేకుల ఇల్లు. ఇంటి ముందు జాగాలో బీరపందిరి, దాని కింద ఒక పొయ్యి, రెండు బల్లలు. పొద్దున ఇడ్లీ వేస్తాను, సాయంత్రం పుణుగులు వేస్తాను. జనం నా అల్లం చట్నీ కోసం వస్తున్నారని నేను అనుకుంటూ ఉంటాను గానీ, సగం మంది ఆ నీడకోసమే వస్తారు. మా ఊరి ఎండలో రేకుల కింద కూర్చుంటే మనిషే పుణుగైపోతాడు. ఆ పందిరి ఉంటే మాకు బేరం ఉంది, లేకపోతే లేదు. మాకున్న ఆస్తీ పాస్తీ ఆ నాలుగు తీగలే.

మా ఆయన పేరు తాతబ్బాయి. మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ మీద దోమల పొగ మిషను మోస్తాడు. ఆయన పొగకి దోమలు భయపడవు. ఆఫీసరు దగ్గితే మాత్రం ఆయన భయపడతాడు.

ఆ ఆఫీసరు మార్కండేయులు గారు. ఇదివరకు వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే పథకం ఆయనే చూశారు. ఆయన చూసినన్నాళ్ళూ కుక్కలు రెట్టింపయ్యాయి. ప్రాణుల్ని పెంచడంలో అనుభవం ఉన్న మనిషని తేనెటీగల్ని కూడా ఆయనకే అప్పగించారు. పరాగ సంపర్క నోడల్ అధికారి అని గుమ్మానికి బోర్డు వేయించుకున్నారు.

ఇంటికి రెండు కుండీలు ఇచ్చారు. వాటిలో అనుమతి పొందిన పూలమొక్కలు. ఎక్కడో దూరదేశపు జాతి అట, పువ్వు పళ్ళెమంత ఉంటుంది. రేకు మీద రేకు, రేకు మీద రేకు, మధ్యలో ఏముందో చూద్దామంటే అసలు మధ్యే లేదు. తేనె లేదు, పుప్పొడి లేదు, వాసనన్నా లేదు. ఫొటోకి మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది. ఎంపిక కమిటీ వాళ్ళు ఫొటోలు చూసే ఎంపిక చేశారని మా ఆయన చెప్పాడు. తేనెటీగల్ని అడగలేదా అంటే, వాటికి కమిటీలో స్థానం లేదన్నాడు.

పాపం తేనెటీగలు మర్యాదకి ఒకసారి వచ్చి చూశాయి. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి కబురు పెడతామని లేచినట్టు లేచాయి. పగలంతా ఎక్కడ తిరిగాయో గానీ, సందెవేళకి మా బీరపందిరి మీద వాలాయి. బీరపువ్వు విచ్చుకునేది అప్పుడే. పసుపుపచ్చగా పందిరి నిండా పూస్తుంది. వీధిలో ఈగా దోమా చీమా మిగలకుండా అన్నీ మా ఇంటికే విందుకొస్తాయి.

రెండు వారాలు గడిచాయి. మా వార్డులో అనుమతి పొందిన పూల మీద ఒక్క తేనెటీగ కూడా వాలలేదని తేలింది. మొక్క తప్పేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. వార్డులోని తేనెటీగల్ని ఎవరో ఎత్తుకుపోతున్నారన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు మార్కండేయులు గారు దొంగని పట్టుకోవడానికి బయల్దేరారు.

ఆయన మా ఇంటికొచ్చేటప్పటికి పొద్దున పదకొండు. గొడుగు పట్టడానికి ఒకడు, రాసుకోవడానికి ఒకడు. పందిరి కింద నిలబడి తలెత్తి చూశారు. పూలన్నీ ముడుచుకుని నిద్రపోతున్నాయి.

"ఏమ్మా, ఈ పుష్పములు మూసియున్నవేమి?"

"బీరపూలండి. పగలు మూసుకుంటాయి, సందెవేళ తెరుచుకుంటాయి."

"కార్యాలయ వేళలు పది నుండి అయిదు వరకు."

"ఆ సంగతి వాటికి తెలీదండి."

"తెలియజేయుట గృహస్థురాలి బాధ్యత" అని ఆయన పక్కవాడివైపు తిరిగారు. పక్కవాడు రాసేసుకున్నాడు.

మర్నాడొక కాయితం తెచ్చి తీగకి పురికొసతో కట్టేసి వెళ్ళారు. బీరపూలకు షోకాజు నోటీసు. సదరు పుష్పములు కార్యాలయ వేళలలో విధులకు హాజరు కాకుండుట, వేళ దాటిన పిదప వార్డునందలి తేనెటీగలను ప్రలోభపెట్టుట ఎందుకో సంజాయిషీ ఇచ్చుకోవలెను, లేనిచో పందిరి తొలగించబడును. నవ్వొచ్చే మాటలన్నీ పైన ఉన్నాయి గానీ, పందిరి తొలగించబడునన్న మాట కింద నిజంగానే ఉంది. ఎర్ర సిరాతో గీత కూడా కొట్టారు.

మా ఆయన నోటీసు రెండుసార్లు చదివాడు. ఏదో రెండు పూలైనా పొద్దున్న పూసేటట్టు చూడవే అన్నాడు. నేను చూసిన చూపుకి పొగ మిషను భుజానేసుకుని డ్యూటీ లేకపోయినా వీధిలోకి వెళ్ళిపోయాడు.

విచారణ రోజున మున్సిపల్ ఆఫీసుకి నేనే వెళ్ళాను, పూలు రాలేవు కదా. కమిషనరు గారు చాలా మంచివారు. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఎంతో బాధపడతారు, తీసుకున్నాక మరిచిపోతారు. పూలు పదింటికి ఎందుకు రావని అడిగారు. బీరపువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పొద్దున పూయలేదని చెప్పాను.

"గట్టిగా చెప్పి చూశారా?" అన్నారు ఆయన.

పన్నుల విభాగం ఆయన, నాలుగు రోజులు నీళ్ళు బంద్ చేస్తే అవే దారికొస్తాయన్నాడు. ఇంకొకాయన పూలకి రెండో షిఫ్టు ఇస్తే పోలా అన్నాడు. అందుకు కౌన్సిల్ తీర్మానం కావాలట, పైగా రెండో షిఫ్టు ఇస్తే వాచ్‌మన్లు కూడా అడుగుతారట. చివరికి మార్కండేయులు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "కార్యాలయ వేళలయందు వికసించని పుష్పమును పుష్పముగా పరిగణించు అధికారము మనకు లేదు. పుష్పము కానిదానిపై తేనెటీగ వాలుట అక్రమ సమావేశము" అన్నారు. అందరూ తలలూపారు. నిజమే కదా అన్నట్టు ఒక్క క్షణం నా తల కూడా ఊగింది, ఖర్మ.

తీర్పు ఏంటంటే పూలు సస్పెన్షన్‌లో ఉంటాయి, పందిరి తీసేస్తారు. రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. బాగా తేనెటీగలున్న ఊరికి షీల్డు ఇస్తుందట. ఆ బృందం వచ్చే రోజు పొద్దున్నే మనుషుల్ని పంపి పందిరి పీకించేస్తామన్నారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకి సగం జీతం ఇస్తారు కదండీ, మరి సగం పూలు పూయొచ్చా అని అడిగాను. ఒక్కడూ నవ్వలేదు. ఆ ప్రశ్న పై ఆఫీసుకి రాసి కనుక్కుంటామన్నారు.

ఆ వారమంతా నేను పుణుగులు వేస్తూనే ఉన్నాను గానీ చెయ్యి నా మాట వినలేదు. కొన్ని మాడాయి, కొన్ని పచ్చిగా దిగాయి. బల్ల మీద కూర్చున్నవాళ్ళు తలెత్తి పందిరి చూసి, అయ్యో పోతుందట కదమ్మా అని పరామర్శించేవారు. పోతుందని చెప్పుకుంటూ ఇంకో వాయి వేసేదాన్ని. పైన తీగల నిండా పిందెలు. వేలెడంత ఒకటి, జానెడంత ఒకటి. అవి చూస్తే ఏడుపొచ్చేది, ఆ వెంటనే మార్కండేయులు గారు గుర్తొచ్చి ఒళ్ళు మండేది.

బృందం రావడానికి ముందురోజు ఊరికి ముస్తాబు మొదలైంది. పెద్దవాళ్ళెవరొచ్చినా మా మున్సిపాలిటీకి ఒక ఆనవాయితీ ఉంది. రోడ్డుకి రెండువైపులా ముగ్గుపిండిలా బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. సాయంత్రం ఊరంతా దోమల పొగ పెడతారు. ముఖ్యమంత్రి వచ్చినా అంతే, ముక్కు డాక్టరు వచ్చినా అంతే. తేనెటీగల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసమైనా అంతే.

మా ఆయనకి కూడా తట్టింది. భయపడుతూనే మార్కండేయులు గారి దగ్గరికెళ్ళి అడిగాడట.

"అయ్యా, ఈ పొగ పెడితే తేనెటీగలు పోతాయేమోనండి?"

ఆయన జాలిగా చూసి, "తాతబ్బాయీ, పొగ ఆరోగ్య విభాగము. తేనెటీగ ఉద్యాన విభాగము. ఒక విభాగపు పొగ వేరొక విభాగపు ఈగను తాకరాదు" అన్నారట.

అంత స్పష్టంగా చెప్పాక ఇంక అనుమానమేముంది. ముందు మా ఆయన, వెనక ట్రాక్టరు, ఊరంతా పొగ పెట్టుకుంటూ సందెవేళకి మా వీధిలోకొచ్చారు. పందిరి మీద అప్పుడే పూలు విచ్చుకున్నాయి, తేనెటీగలు పనిలో ఉన్నాయి. నేను కాగుతున్న నూనెలోంచి చిల్లుల గరిటె తీసి పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డాను. రేపు పొద్దున పీకేస్తే పీకెయ్యండి గానీ, ఇవాళ్టి సాయంత్రం మాత్రం నాది.

"ఏవయ్యా, ఈ పందిరి మీద పొగ పెట్టావంటే రేపట్నుంచి నీ అన్నం నువ్వే వండుకో" అన్నాను.

వెనక ట్రాక్టరు మీద సూపర్‌వైజరు ఉన్నాడు. ముందు నేనున్నాను. మా ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, మిషను కట్టేశాడు. "మిషను ట్రబులిచ్చిందండి, ఇక్కడ అంటుకోవడం లేదండి" అని సూపర్‌వైజరుకి కేకేసి, మా ఇల్లు దాటాక మళ్ళీ స్టార్టు చేశాడు. పెళ్ళినాడు ఆయన నా మెడలో పుస్తె కట్టినప్పుడు కూడా నాకు అంత ముద్దు రాలేదు.

తెల్లారేసరికి ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఈగ లేదు, చీమ లేదు, సీతాకోకచిలుక లేదు. మిఠాయి కొట్టు వీరభద్రం, ఈగల్ని తోలే అలవాటు కొద్దీ ఖాళీ గాలిలోకి విసనకర్ర ఊపుతూ కూర్చున్నాడు. ఇంకో మూడు గంటల్లో బృందం వస్తోంది. కమిషనరు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆరోగ్య విభాగం నివేదికలో పొగ నూటికి నూరు శాతం విజయవంతమైందని రాశారు. దానికి ఒక అభినందన తీర్మానం చేశాక, తేనెటీగలు ఏమయ్యాయన్న చర్చకి వచ్చారు.

మా ఊరి మార్కండేయులు గారిలాంటి బుర్ర ఇంకో ఊళ్ళో లేదు, లేకపోవడమే మంచిది. ఆయన నియమావళి తిరగేసి, "పరాగవాహకుడనగా పరాగమును మోయువాడు. వానికి రెక్కలుండవలెనని ఎచ్చటా లేదు" అన్నారు.

అంతే. శానిటరీ మనుషుల్నీ, కుళాయిల మనుషుల్నీ, మా పందిరి పీకడానికి పంపాల్సిన మనుషుల్ని కూడా పిలిపించి తేనెటీగలుగా నియమించారు. పసుపు చారలూ నల్ల చారలూ వేయించాలి. దసరాకి పులివేషాలు వేసే కోటయ్యని తెచ్చారు. కోటయ్యకి వచ్చిందొక్కటే. తేనెటీగ అని ఎంత చెప్పినా, చివర్లో చెయ్యి ఆగక ప్రతివాడికీ మీసాలు పెట్టేశాడు, కొందరికి కోరలు కూడా. నలుగురైదుగురికి తోకలు కట్టేశాక గానీ ఎవరూ చూసుకోలేదు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. ఇక్కడ తేనెటీగని చెయ్యబోతే పులైంది.

చేతికొక రంగుల బ్రష్షు ఇచ్చారు. ఆ పూలలో పుప్పొడి లేదు కాబట్టి తలొక పొట్లం పసుపు ఇచ్చారు. ఒక కుండీలో పువ్వుకి పసుపు పూసి, అదే బ్రష్షు తీసుకెళ్ళి ఇంకో కుండీలో పువ్వుకి పూయాలి. మధ్యలో జుమ్మని శబ్దం చేయాలి. మా ఆయన పొద్దున్నే ఇంటికొచ్చి, ఒళ్ళంతా చారలతో గుమ్మంలో నిలబడి, నాకు తేనెటీగ డ్యూటీ పడిందే అన్నాడు. పందిరి పీకడానికి ఎవరొస్తున్నారని అడిగాను. ఎవరూ లేరు, అందరం ఎగురుతున్నాం అన్నాడు. నేను పందిరి కట్టెకి దణ్ణం పెట్టుకున్నాను.

బృందం నాయకురాలు కాంచనమాల గారు. నల్ల కళ్ళద్దాలు, పెద్ద టోపీ, చేతిలో భూతద్దం. పురవీధుల్లో అటూ ఇటూ జుమ్మంటూ పరుగెడుతున్న తేనెటీగల్ని చూసి ఆవిడ కళ్ళద్దాలు తీసేశారట. ఇది ఏ జాతి అని అడిగారట. స్థానిక జాతి అండి అన్నారు మార్కండేయులు గారు. ఇంతలో కోటయ్య వెంట వచ్చిన తప్పెటవాడు, చారలు కనిపించేసరికి చెయ్యి ఊరుకోక దరువు మొదలెట్టాడు. దరువు పడ్డాక ఇంకేముంది, తేనెటీగలన్నీ బ్రష్షులు నోట కరుచుకుని పులిగంతులు వేశాయి. ఒక తేనెటీగ మేకపిల్లని కూడా పట్టబోయింది. బృందం వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. తేనెటీగల్లో ఇంత క్రమశిక్షణ, ఇంత కళాపోషణ తామెక్కడా చూడలేదన్నారు. షీల్డు మా ఊరిదే అని అక్కడే చెప్పేశారు.

సాయంత్రం వెళ్ళిపోయే ముందు ఆవిడకి టీ తాగాలనిపించింది. కాలవగట్టు మీద పొయ్యి వెలిగి ఉన్నది నా ఒక్కదాని ఇంట్లోనే. కార్లన్నీ వచ్చి మా ముందే ఆగాయి. మా ఆయన చారలైనా కడుక్కోకుండా ఇంటికొచ్చి నీళ్ళు మోస్తున్నాడు. పైన పందిరి నిండా పసుపుపచ్చ పూలు విచ్చుకుని ఉన్నాయి. వాటి చుట్టూ తేనెటీగలు. బొద్దుగా నల్లగా ఒక తుమ్మెద కూడా. ఊరు మొత్తానికి మిగిలినవి అవే.

కాంచనమాల గారు గ్లాసు నోటి దగ్గరే ఆపేసి, అవేమిటి అని అడిగారు. మార్కండేయులు గారి మొహం పాలిపోయింది. మా ఆయన అమాయకుడు, అడిగినదానికి చెప్పేస్తాడు.

"తేనెటీగలండి."

"మరి మీరు?"

"నేనూ తేనెటీగనేనండి. నేను ఔట్‌సోర్సింగండి, అవి రెగ్యులరండి."

ఆవిడ చాలాసేపు పైకి చూశారు. "రెగ్యులరై ఉండి కూడా పని చేస్తున్నాయే" అన్నారు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నారు. ఈ పందిరిని ఎవరూ ముట్టుకోకూడదు, ఊరూరి సిబ్బందినీ ఇక్కడికి తెచ్చి చూపించాలి, దీనికి 'పరాగ స్ఫూర్తి కేంద్రం' అని పేరు పెట్టి శిలాఫలకం వేయించండి అని చెప్పి, రెండు ప్లేట్ల పుణుగులు తిని వెళ్ళారు.

నేను గాల్లో తేలిపోయాను. సస్పెన్షన్ ఎత్తేశారు. నోటీసు తీసేశారు. పందిరి బతికింది. వీధి వీధంతా వచ్చి పలకరించి పోయింది. మార్కండేయులు గారు కూడా వచ్చి, మొదటినుంచీ ఈ పందిరి మీద తనకొక అభిప్రాయం ఉందన్నారు. ఆ అభిప్రాయం నాకు తెలుసు గానీ, ఆనందంలో ఉన్నాను కాబట్టి ప్లేటులో నాలుగు ఎక్కువే వేశాను.

వారం తిరిగేసరికి శిలాఫలకం వచ్చింది. నల్లరాయి, నా కంటే ఎత్తు. మీద పైనుంచి కిందిదాకా పేర్లు. నేను పిండి మర దగ్గరికెళ్ళిన సమయం చూసి మేస్త్రీలు వచ్చారు. రాయి ఎక్కడ పాతాలో మార్కండేయులు గారు ప్లానులో గుర్తు పెట్టి ఇచ్చారట. పందిరికి సరిగ్గా ఏ చోట పెడితే ఫొటోలో నడిమధ్యకొస్తుందో ఆ చోటు. ఆ చోటే బీరపాదు మొదలు.

పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి నడుంలోతు గొయ్యి, పక్కన మట్టిలో తెల్లగా తెగిన వేళ్ళు. పైన తీగ ఇంకా పచ్చగానే ఉంది, దానికింకా తెలిసిరాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది. ఆకులన్నీ చేతులు వాల్చేసినట్టు వాలిపోయాయి. పిందెలు సాయంత్రానికి మెత్తబడ్డాయి. ఆ సందె పువ్వు విచ్చుకోలేదు. నేను గొయ్యి గట్టున చతికిలబడి ఏడ్చాను. నోటీసు ఇచ్చి చంపుతామన్నప్పుడు చంపలేకపోయారు. సన్మానం చేసి చంపారు. మా ఆయన ఓదార్చబోయి, తనూ ఏడ్చాడు.

ప్రారంభోత్సవానికి ఎండిన పందిరి బాగుండదని ఆఫీసు కంగారు పడింది. మార్కండేయులు గారు ఒక్క రోజులో మార్గం కనిపెట్టారు. ప్లాస్టిక్ తీగ. బారెడు బారెడు చుట్టలు లారీలో వచ్చాయి. ఆకుపచ్చ ఆకులు, పసుపుపచ్చ పూలు, అన్నీ పొద్దుట పదింటికే విచ్చుకుని ఉంటాయి, అయిదు దాటినా విచ్చుకునే ఉంటాయి. సెలవు పెట్టవు. ఎండిన తీగ పీకేసి ఇదంతా కట్టించారు. రాయిని మాత్రం ఆ గోతిలో పాతలేదు, నీళ్ళు ఊరుతున్నాయని నాలుగడుగులు పక్కకి జరిపారు. అంటే వేళ్ళు తెగ్గొట్టింది ఊరికేనే. కమిషనరు గారు వచ్చి రిబ్బను కత్తిరించి, తేనెటీగలు ఇక నిశ్చింతగా పని చేసుకోవచ్చన్నారు.

ప్లాస్టిక్ నీడ నీడ కాదు, ఆకుకీ ఆకుకీ మధ్య ఎండ సూదుల్లా దిగేది. బల్లలు ఖాళీ అయ్యాయి. వచ్చినవాళ్ళు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి అదీ తగ్గింది. ఒకరోజు పొద్దున్నే ఆ గొయ్యి వంక చూస్తూ కూర్చున్నాను. ఎవరి మీద కోపం పెట్టుకుని ఏం లాభం. గొయ్యి మాత్రం మహా బాగా తవ్వారు, నేను తవ్వించుకోవాలంటే ఇంత లోతు తవ్వేవాళ్ళు దొరకరు. రెండు తట్టల పశువుల ఎరువు వేసి, మట్టి కప్పి, గుప్పెడు బీరగింజలు పెట్టాను.

మొలిచాయి. పాకడానికి తీగకి ఏదో ఒక ఆధారం కావాలి కదా, ప్లాస్టిక్ తీగ దానికి చక్కగా పనికొచ్చింది. నా తీగ దాని మీదుగా ఎక్కి, మెలి తిరిగి, ఆకు మీద ఆకు కప్పేసి, రెండు నెలలు తిరిగేసరికి కింద ప్లాస్టిక్ ఉందో లేదో ఎవరికీ తెలియకుండా పోయింది. నీడ వచ్చింది. బల్లలు నిండాయి. సందెవేళ నా రెగ్యులర్లు డ్యూటీకొచ్చేశాయి. కాయలు వేలాడ్డం మొదలెట్టాయి.

అప్పుడు మార్కండేయులు గారు తనిఖీకొచ్చారు. ప్రభుత్వం వారి ప్లాస్టిక్ తీగ మీద అనధికార తీగ పాకించానని మళ్ళీ నోటీసు కడతారనుకున్నాను. ఆయన తలెత్తి చూశారు. అలాగే చూస్తుండిపోయారు. ఒక కాయని పట్టుకుని చూశారు, గిచ్చి చూశారు.

"మన తీగ కాయ కాసినదా?" అన్నారు.

ఒక్క నిమిషం ఆలోచించాను. నిజం చెబితే పందిరి పోతుంది.

"కాసిందండి. మీ చేతి చలవ" అన్నాను.

ఆయన పక్కవాడు రాసేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగకి నీళ్ళు పోశావా అని అడిగారు, పోశానన్నాను. ఎరువు వేశావా అంటే వేశానన్నాను. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఈ నెలలోనే జిల్లా అంతటా ప్లాస్టిక్ తీగలు వేయించాలని అక్కడికక్కడే కమిషనరు గారికి ఫోను చేసి చెప్పారు. ఈ పందిరికి ఎవరూ హాని చేయకుండా మా ఆయన్ని పొగ డ్యూటీలోంచి తప్పించి ఇక్కడే కాపలాకి వేశారు. వెళ్తూ వెళ్తూ నమూనాకని రెండు కాయలు కోయించుకుని చేసంచిలో వేసుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఆయనొక్కరే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. పైన పూలు విచ్చుకుంటున్నాయి, తేనెటీగలు తిరుగుతున్నాయి, ఆయన అటు చూడనైనా చూడలేదు. నేను పుణుగుల ప్లేటు ముందు పెట్టాను.

"రాత్రి మా ఆవిడ ఆ కాయలు పాలు పోసి కూర చేసిందమ్మా" అన్నారు, గొంతు తగ్గించి, ఆఫీసు భాష కూడా మరిచిపోయి. "అచ్చం బీరకాయలాగే ఉంది. ప్లాస్టిక్ అని ముందే తెలుసు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మోసపోయేవాణ్ణి."

మా ఆయన నవ్వు దాచుకోవడానికి కాలవ వైపు తిరిగాడు. నేను ఆయన ప్లేటులో ఇంకొంచెం చట్నీ వేసి, మరేనండి అన్నాను.